నుదురు చూసి చెప్పండి, అది ఏ చిలుకో

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎవరైనా గుప్పిట్లో ఇమిడే పచ్చటి చిలుకను చూపించి ఫిలిప్పీన్స్‌దని అమ్మజూపితే, బేరం పక్కన పెట్టి ముందు దాని నుదురు చూడండి. తలకిందులుగా వేలాడి నిద్రపోయే ఈ జాతి చిలుక ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. రెండూ 14 సెంటీమీటర్లే, రెండింటికీ ముక్కు ఎరుపే, తోక మొదలు పైనా ఎరుపే. అవి చూసి తేల్చలేం.

ఫిలిప్పీన్స్‌లో కొలాసిసి అని పిలిచే చిలుకకు నుదురు ఎర్రగా ఉంటుంది. మగదానికి గొంతు కింద కూడా ఎర్రటి మచ్చ. ఆడదానికి ఆ మచ్చ ఉండదు, బుగ్గల మీద నీలి ఛాయ కనిపిస్తుంది. దీవిని బట్టి రంగులు కొంత మారతాయి. 2006లో వర్ణించిన కామిగిన్ దీవి చిలుకల్లో మగవాటికీ గొంతు మచ్చ లేదు. మన అడవి చిలుకకు నుదురు పచ్చగానే ఉంటుంది, మగదాని గొంతు మీద నీలి మచ్చ, పెద్దదైతే కంటిపాప చుట్టూ తెలుపు. బూరుగు, బాడిద పూల తేనె తాగుతుంది, కల్లు కుండ మీదా వాలుతుంది. పిల్లల దగ్గరే పొరపాటు జరుగుతుంది: ఫిలిప్పీన్స్ పిల్లకు నుదుటి ఎరుపు చాలా తక్కువ, కాబట్టి పెద్దయ్యేదాకా నమ్మకంగా చెప్పలేం.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, మనదాన్ని పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొలాసిసి సైటిస్ (అంతరించే జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, 2024 నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితం లేని పక్షిని కొనకండి.

కాగితాలు సరిగ్గా ఉన్న పక్షి చేతికి వచ్చాక, ఎక్కువగా చచ్చేది తిండి తప్పడం వల్లే. రామచిలుకలా కొర్రలు, పచ్చిమిరపకాయ వేస్తే చాలనుకుంటారు. ఇది తేనె, మెత్తటి పండు తినే పక్షి. లోరీ పొడిని (తేనె తాగే చిలుకల కోసం అమ్మే మేత పొడి) ప్యాకెట్టు మీద చెప్పిన పాళ్లలో నీళ్లతో కలిపి పూటకు 20 మి.లీ. దాకా పెట్టండి. జామ, బొప్పాయి, అంజూరం చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. అవకాడో మాత్రం విషం. వైశాఖం ఎండల్లో ఆ కలిపిన నీళ్లు మూడు గంటల్లోనే పులుస్తాయి. గిన్నె అంచున జిగురు పేరుకుంటే శిలీంధ్రం పెరిగి పక్షి నోట్లో తెల్లటి పొర కడుతుంది, కడుపులో పడ్డ తిండి ముందుకు కదలదు. అందుకే రెండు గిన్నెలు ఉంచుకుని, తీసినదాన్ని వేడినీళ్లతో తోమి ఎండలో ఆరబెట్టండి. రెట్ట నీళ్లలా చిమ్ముతుంది, అడుగున కాగితం రోజూ మార్చాల్సిందే.

పంజరం 90 సెంటీమీటర్ల పొడవుంటే మంచిది. పైకప్పుకే పట్టుకుని వేలాడుతుంది గనక నిద్రపోయే చోటు కింద తిండి గిన్నె పెట్టొద్దు. కొత్త జి.ఐ. మెష్‌లో (జింకు పూత పూసిన ఇనుప జాలీ) వదులుగా ఉన్న జింకు పొట్టు తిని విషమెక్కుతుంది. వెనిగర్‌తో బ్రష్ పెట్టి రుద్ది, కడిగి ఆరాకే వాడండి. కొమ్మలు 10, 12 మిల్లీమీటర్ల మందంలో బెరడుతో ఉన్న జామవైతే గోళ్లు కొంత అరుగుతాయి. పెరిగిన గోరు జాలీలో ఇరుక్కుంటే, పక్షి ఎగరబోయి కాలు విరుచుకుంటుంది.

దెబ్బతిన్న మన అడవి చిలుక దొరికితే ముక్కులో నీళ్లు పోయొద్దు. కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచి, ఆ రోజే అటవీ రేంజ్ ఆఫీసులో అప్పగించండి.