శిక్షావల్లి వెలుగులో విద్యా నాణ్యత

తైత్తిరీయోపనిషత్తు మొదటి అధ్యాయమైన శిక్షావల్లిలోని తొమ్మిదవ అనువాకం (చిన్న విభాగం) "ఋతం చ స్వాధ్యాయప్రవచనే చ" అని మొదలవుతుంది. ఋతం (ధర్మబద్ధమైన క్రమం), సత్యం, తపస్సు, దమం (ఇంద్రియ నిగ్రహం), శమం (మనోనిగ్రహం), అతిథిసేవ అంటూ ఒక్కొక్క ధర్మాన్నీ పేర్కొని, ప్రతిదాని వెంటా నేర్చుకోవడాన్నీ నేర్పడాన్నీ జోడిస్తూ సాగే ఈ అనువాకంలో "స్వాధ్యాయప్రవచనే చ" అన్న మాట 12 సార్లు వస్తుంది. చదువును, నడవడిని వేరుచేసి చూడడానికి ఋషి ఒప్పుకోలేదన్నమాట.

నన్ను మరింతగా ఆకట్టుకునేది దాని చివరి భాగం. వీటిలో ఏది ముఖ్యమన్న విషయంలో సత్యమేనని రాథీతరుడు, తపస్సేనని పౌరుశిష్టి, స్వాధ్యాయప్రవచనాలేనని మౌద్గల్యుడైన నాకుడు అంటారు. ఈ అభిప్రాయభేదాన్ని ఉపనిషత్తు దాచలేదు, పేర్లతో సహా చెప్పింది.

ఉన్నత విద్యలో నాణ్యత అంటే ఏమిటన్న ప్రశ్నకూ ఒకే సమాధానం లేదు. 1993లో లీ హార్వే, డయానా గ్రీన్ అనే పరిశోధకులు దానికి ఐదు అర్థాలను గుర్తించారు: విశిష్టత, లోపరాహిత్యం, లక్ష్యానికి తగినట్లు ఉండడం, పెట్టిన సొమ్ముకు తగిన ఫలితం, విద్యార్థిలో పరివర్తన. వీటిలో దేనిని స్వీకరించినా ముందుగా ఒక విలువను ఎంచుకున్నట్టే. అంకెలు ఆ తరువాత వస్తాయి. పరిశోధన పత్రాల సంఖ్యకే మార్కులు వేసే పట్టికలో, తన ప్రతిపాదన తప్పని తేలిందని నిజాయితీగా ప్రకటించిన పరిశోధకుడు వెనుకబడతాడు, ఒకే ఫలితాన్ని నాలుగు ముక్కలు చేసి ప్రచురించినవాడు ముందుంటాడు. కూడికలో తప్పేమీ ఉండదు, సత్యానికి మాత్రం అందులో గడి ఉండదు.

పదకొండవ అనువాకంలో, చదువు ముగించిన శిష్యునితో ఆచార్యుడు "యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి" అంటాడు. మాలోని మంచి నడవడినే అనుసరించు, తక్కినది వద్దు అనడంలో, తనను తూచే త్రాసును ఆయన శిష్యుని చేతికే ఇస్తున్నాడు. బోధకులపై విద్యార్థుల అభిప్రాయం అడగడాన్ని అవమానంగా భావించే పెద్దలు ఈ మంత్రాన్ని మరొకసారి చదువుకోవాలి.

కర్తవ్యంలో సందేహం కలిగితే ఎవరిని చూసి నడుచుకోవాలో కూడా అక్కడే ఉంది. చక్కగా విచారించగలవారు, కార్యనిష్ఠులు, ఇతరుల ప్రేరణకు లోబడనివారు, కఠినులు కానివారు, ధర్మాన్ని కోరేవారు ప్రమాణమట. విద్యాసంస్థలను పరిశీలించే సంఘాలకు సభ్యులను ఎంపిక చేసేటప్పుడు పట్టాలతో, అనుభవంతో పాటు ఈ లక్షణాలను కూడా చూసినట్లయితే, లోపాలను కప్పిపుచ్చిన నివేదికకు బదులు ఉన్నదున్నట్టు రాసిన నివేదికను వారి ముందు ఉంచే ధైర్యం సంస్థలకు కలుగుతుంది.