హెడ్‌ఫోన్స్ చెవికి, బేస్ కుర్చీకి: నా అనుభవం

హెడ్‌ఫోన్స్‌లో బేస్ వినిపిస్తుంది గానీ ఒంటికి తగలదు. ఎంత మంచివి కొన్నా ఇంతే. పెద్ద స్పీకర్ల ముందు నిలబడితే డ్రమ్ దెబ్బ పొట్టలో తెలుస్తుంది. నేల, కుర్చీ, గదిలోని గాలి అన్నీ కదులుతాయి కాబట్టి. హెడ్‌ఫోన్ కదిలించేది చెవి చుట్టూ ఉన్న చారెడు గాలినే. అందుకే చాలామంది ఆ లోటు తీర్చుకోవడానికి వాల్యూమ్ పెంచేస్తుంటారు. నేనూ అంతే. రాత్రిళ్ళు వినే అలవాటు, సబ్‌వూఫర్ పెట్టే వీలు లేదు. చెవులు పాడుచేసుకునే బదులు కుర్చీని కదిలిద్దామని బేస్ షేకర్ కొన్నాను.

ఇది నోరు కట్టేసిన స్పీకర్ లాంటిది. లోపల కాయిల్ ఉంటుంది, అయస్కాంతం ఉంటుంది. కానీ గాలిని నెట్టే కోన్ ఉండదు, దాని బదులు ఒక బరువు ఊగుతుంది. కుర్చీకి బిగిస్తే ఆ ఊపు మనకి అందుతుంది. నేరుగా కుర్చీ మీద పరుచుకునే కుషన్లు, తొడుక్కునే జాకెట్లు కూడా దొరుకుతాయి, వాటిలో యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది. బట్‌కిక్కర్ వాళ్ళ గేమింగ్ మోడళ్ళ లాంటివైతే ఆఫీసు కుర్చీ మధ్య గొట్టానికే క్లాంపుతో పట్టుకుంటాయి. నేను విడి షేకర్ తీసుకున్నాను, 4 ఓమ్‌లు, 50 వాట్లు. పక్కన ఒక చిన్న మోనో సబ్‌వూఫర్ యాంప్లిఫయర్. మోనో చాలు, ఇంత లోతు శబ్దం ఎడమ నుంచి వస్తోందా, కుడి నుంచి వస్తోందా అన్నది ఒళ్ళు పట్టించుకోదు.

బిగించడం పెద్ద పనేం కాదు. సీటు కింది ప్లాస్టిక్ మూత తీస్తే ప్లైవుడ్ కనిపించింది, నాలుగు రంధ్రాలు వేసి బోల్టులు పెట్టాను. బోల్టు పొడవు మాత్రం కొలుచుకోవాలి, కాస్త ఎక్కువైనా ఫోమ్‌లోంచి పొడుచుకొస్తుంది, కూర్చున్నాక గానీ తెలియదు. మామూలు నట్లు ఈ అదురుకి వదులైపోతాయి. లోపల నైలాన్ రింగు ఉండే నట్లు వాడితే ఆ బాధ లేదు.

వైర్ల దగ్గర కాస్త ఆలోచించాలి. అందరికీ ముందు తట్టేది ఒక జాక్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్. పని చేస్తుంది గానీ, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ ముట్టుకుంటే కుర్చీ అదురు కూడా మారిపోతుంది. నాకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం: చెవిలో తగ్గించినా కుర్చీలో తగ్గకూడదు. అందుకని డాక్ (కంప్యూటర్‌లోని డిజిటల్ శబ్దాన్ని హెడ్‌ఫోన్స్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) వాడాను, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్‌తో మారని లైన్ అవుట్ విడిగా ఉన్నది. హెడ్‌ఫోన్స్ ముందు జాక్‌లో, యాంప్లిఫయర్ వెనక లైన్ అవుట్‌లో. కొన్ని డాక్‌లలో హెడ్‌ఫోన్స్ పెట్టగానే లైన్ అవుట్ ఆగిపోతుంది, కొనేముందు చూసుకోవాలి. హెడ్‌ఫోన్స్‌కి వైరు ఉండి తీరాలి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 200 మిల్లీసెకన్ల దాకా వెనకబడుతుంది. నిమిషానికి 120 దరువులున్న పాటలో దరువుకీ దరువుకీ మధ్య ఉండేదే 500 మిల్లీసెకన్లు. అంటే ముందు కుర్చీ కొడుతుంది, ఆ దరువు తీరిగ్గా చెవికి వస్తుంది. కొంచెంసేపటికే చిరాకు పుడుతుంది.

అసలు పని ట్యూనింగ్. ఎక్కువ కాలం తిన్నదీ అదే, ఎక్కువ తేడా తెచ్చిందీ అదే.

యాంప్లిఫయర్ మీద ఎంత హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలు, అంటే ఫ్రీక్వెన్సీ) దాకా పంపాలో చెప్పే నాబ్ ఉంటుంది. దాన్ని 80 దగ్గర పెట్టి మొదలెట్టాను. పాట బాగానే ఉంది. మధ్యలో ఎవరో మాట్లాడే వీడియో పెడితే ఆయన ప్రతి మాటకీ తొడల కింద జివ్వుమంటోంది! మగవాళ్ళ గొంతు ఇంచుమించు 85 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. పైగా ఆ నాబ్ 80 దగ్గర గోడ కట్టదు, అక్కణ్ణుంచి మెల్లగా తగ్గిస్తూ పోతుందంతే. చర్మం సంగతి కూడా ఉంది. లోపల పసినియన్ కార్పసుల్స్ అని అదురుని పసిగట్టే గ్రాహకాలుంటాయి. అవి అన్నిటికన్నా చురుగ్గా స్పందించేది 250 హెర్ట్జ్ చుట్టుపక్కల. అందుకే నాబ్ హద్దు దాటి పై ఫ్రీక్వెన్సీలు కొద్దిగా జారి వచ్చినా అది దెబ్బలా కాకుండా దురదలా తెలుస్తుంది. నాబ్‌ని 60 దగ్గరికి దించాక గొంతులు దాదాపు పోయాయి.

తర్వాతి గొడవ కుర్చీది. బేస్ గిటార్‌లో నాలుగు తీగల స్వరాలు 41, 55, 73, 98 హెర్ట్జ్. పాటలో ఆ గిటార్ కింది స్వరం కొట్టినప్పుడు కుర్చీ రంకెలు వేస్తోంది, పక్క స్వరానికి మూగబోతోంది. ప్రతి వస్తువుకీ తనకు నచ్చిన ఫ్రీక్వెన్సీ ఒకటుంటుంది కదా. అదేదో పట్టుకోవాలంటే కంప్యూటర్‌లో టోన్ జనరేటర్ పెట్టి 20 నుంచి 100 దాకా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఖాళీ కుర్చీతో కాదు, కూర్చుని. మన బరువు పడితే లెక్క మారిపోతుంది. నా కుర్చీ 40 దాటగానే లేచి ఆడింది, చేతి ఆనిక స్క్రూ గిలగిల్లాడింది. స్క్రూని బిగించాను. ఫ్రీక్వెన్సీని బిగించలేం కాబట్టి డాక్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య మినీడీఎస్‌పీ అనే, శబ్దంలో కావలసిన ఫ్రీక్వెన్సీని తగ్గించే చిన్న ప్రాసెసర్ పెట్టి అక్కడ 8 డెసిబెల్స్ కోశాను. కంప్యూటర్ ఈక్వలైజర్‌లో కోస్తే హెడ్‌ఫోన్స్‌లోనూ తగ్గిపోతుంది, అందుకే ఈ పెట్టె. 60 దగ్గరి కోతని కూడా ఇందులోనే మరింత నిటారుగా పెట్టుకున్నాను. అప్పుడు గానీ గిటార్ కింది స్వరాలు ఒకదాని వెనక ఒకటి సమానంగా అందలేదు. ఎక్కువ వాట్ల షేకర్ కొనాలా అని ఆలోచించేవాళ్ళు ఆ డబ్బు ముందు దీని మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఎంత గట్టిగా పెట్టాలన్నదానికి నా కొలత ఒకటే. ఉన్నప్పుడు గుర్తు రాకూడదు, ఆపేస్తే వెలితి తెలియాలి. కొత్తలో అందరూ ఎక్కువే పెడతారు, ముచ్చట మరి. కొన్నాళ్ళకి నాబ్ దానంతటదే కిందికి వస్తుంది. నాకు నిజంగా కలిసొచ్చింది చెవుల విషయంలో. వారానికి 40 గంటలు వినేవాళ్ళకి 80 డెసిబెల్స్ హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కింద దరువు తగులుతుంటే చెవిలో వాల్యూమ్ తక్కువగా ఉన్నా పాట పలచగా అనిపించడం లేదు.

ఇక కింది అంతస్తు వాళ్ళు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాం, ఎవరికీ ఇబ్బంది లేదనుకుంటాం. గాలిలో శబ్దం లేదు నిజమే, కుర్చీ చక్రాల నుంచి అదురు నేలలోకి దిగుతుంది. నాలుగడుగుల దూరంలో నేల మీద అరచెయ్యి ఆనిస్తే సన్నగా తెలిసింది. రబ్బరు చాప వేస్తే పెద్దగా మారలేదు. రబ్బరు ఏదైనా తన సొంత ఫ్రీక్వెన్సీకి సుమారు 1.4 రెట్లు దాటిన అదురునే అడ్డుకోగలదు. పలచటి చాప 30, 40 హెర్ట్జ్‌ని ఆపలేదు. చాప తీసేసి సీటుకీ, కింది ఇనప ప్లేటుకీ మధ్య మెత్తటి రబ్బరు బుష్‌లు పెట్టాను. నేలకి దిగేది బాగా తగ్గింది. సీటు స్వేచ్ఛగా కదలడంతో యాంప్లిఫయర్‌ని ఇంకాస్త తగ్గించే వీలు కూడా దొరికింది.

సినిమాలకి ఒక చిక్కుంది. 5.1 ఆడియోలో ఆ చివరి పాయింట్ వన్ అంటే ఎల్‌ఎఫ్‌ఈ, 120 హెర్ట్జ్ లోపు గర్జనల కోసమే కేటాయించిన ఛానెల్. హెడ్‌ఫోన్స్ కోసం 5.1 ఆడియోని రెండు ఛానెళ్ళ స్టీరియోగా మార్చేటప్పుడు చాలా ప్లేయర్లు ఆ ఛానెల్‌ని వదిలేస్తాయి. పేలుడు తెర మీద జరుగుతుంది, కుర్చీ ఉలకదు, పలకదు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఎల్‌ఎఫ్‌ఈని కలిపే ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకోవాలి. చేశాక మాత్రం పాటల కోసం పెట్టుకున్న నాబ్ సినిమాకి మరీ ఎక్కువైపోతుంది. నేను యాంప్లిఫయర్ మీద మార్కర్‌తో రెండు గీతలు గీసుకున్నాను, ఒకటి పాటలకి, దానికి కాస్త కింద ఇంకోటి సినిమాలకి.