ఆటోమేటిక్ రిపేర్ దగ్గరే ఆగిపోయిన మా చెల్లి లాప్‌టాప్, నా అనుభవం

విండోస్ అప్డేట్ అవుతుండగా కరెంట్ పోయింది, మా చెల్లి లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పట్నుంచో వీక్ కాబట్టి వెంటనే ఆఫ్ అయిపోయింది, మళ్ళీ ఆన్ చేస్తే ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్ అని వస్తుంది, కాసేపు తిరుగుతుంది, రిపేర్ చేయలేకపోయాం అని నీలం స్క్రీన్ వస్తుంది, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ అదే. దాంట్లో తన బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మొత్తం ఉంది, "అన్నా రిపోర్ట్ కూడా అందులోనే ఉంది" అని ఏడుపొక్కటే తక్కువ.

దగ్గర్లో షాపుకి తీసుకెళ్తే ఆయన చూసి ఫార్మాట్ కొట్టాలి సార్, డేటాకి గ్యారెంటీ లేదు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. విండోస్ పాడైనంత మాత్రాన ఫైల్స్ పోయినట్టు కాదు, డిస్క్ బాగుంటే అవి అక్కడే ఉంటాయి, కాబట్టి ముందు ఫైల్స్ బయటికి తీయాలి, రిపేర్ సంగతి తర్వాత.

ఆ నీలం స్క్రీన్‌లోనే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్ళీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే కమాండ్ ప్రాంప్ట్, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల విండో, ఉంటుంది. అది నొక్కగానే బిట్‌లాకర్ (డిస్క్‌లో ఉన్నదంతా తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ అడిగింది, 48 అంకెలు. చెల్లి అసలు బిట్‌లాకర్ ఆన్ చేయనే లేదు, కానీ ఈ మధ్య వచ్చే లాప్‌టాప్స్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా వాటిలో దానంతటదే ఆన్ అవుతుంది, కీ కూడా అదే అకౌంట్‌లో సేవ్ అవుతుంది. ఫోన్‌లో తన అకౌంట్ ఓపెన్ చేసి డివైజెస్‌లో చూస్తే కీ దొరికింది, స్క్రీన్ మీద చూపించే కీ ఐడీతో సరిపోయిందో లేదో చూసుకుని కొట్టాం.

ఇక్కడ ఒక మంచి ట్రిక్ ఉంది, చాలామందికి తెలీదు. కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని టైప్ చేస్తే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది, అందులో ఫైల్, ఓపెన్ నొక్కి కింద ఆల్ ఫైల్స్ పెట్టుకుంటే డ్రైవ్స్ అన్నీ కనిపిస్తాయి, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్, అంతే. డ్రైవ్ అక్షరాలు మాత్రం మారొచ్చు, సీ అనుకున్నది డీ అవ్వచ్చు, లోపల చూసుకుని చేయాలి. ఇంకోటి, కాపీ అయ్యేటప్పుడు ఎంత అయిందో చూపించే బార్ రాదు, విండో హ్యాంగ్ అయినట్టే ఉంటుంది, కంగారుపడి మూసేయకూడదు. ప్రాజెక్ట్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాక దాన్ని నా లాప్‌టాప్‌లో పెట్టి రిపోర్ట్ తెరిచి చూపించే వరకు చెల్లి నమ్మలేదు.

అప్పుడు రిపేర్ మొదలుపెట్టాం. చెక్‌డిస్క్ కొడితే డిస్క్ తప్పులేం చూపించలేదు, అన్ఇన్‌స్టాల్ అప్డేట్స్ ఆప్షన్ పనిచేయలేదు. సగంలో ఆగిన అప్డేట్‌ని వెనక్కి తిప్పడానికి డిస్మ్ (DISM, విండోస్‌ని బాగుచేసే టూల్) కమాండ్‌లో రివర్ట్ పెండింగ్ యాక్షన్స్ అని ఒకటి ఉంటుంది, అది కొట్టి రీస్టార్ట్ చేస్తే చాలాసేపు నల్ల స్క్రీన్ ఉండి తర్వాత లాగిన్ వచ్చింది! ఏ ఫైలూ పోలేదు.

తర్వాత ముందు బ్యాటరీ మార్పించాం, రికవరీ కీ పేపర్ మీద రాసి అమ్మ బీరువాలో పెట్టింది. ఆగిపోయిన ఆ అప్డేట్ మళ్ళీ వేస్తే ఈసారి పూర్తయింది.