ఐఈఎస్ ఫైల్ పెట్టారు సరే, ఆ లైటు ఒంగోలులో దొరుకుతుందా?

ఇల్లు పూర్తికాకముందే కంప్యూటర్‌లో చేసి చూపించే బొమ్మలో, అంటే హాల్ రెండర్‌లో, గోడ మీద పైనుంచి వంపు తిరిగిన వెలుగు పడిందంటే చాలు, ఇంటి ఓనరు ఇక సోఫా రంగు కూడా అడగడు. అందుకే మా ఫీల్డ్‌లో నెట్‌లో ఊరికే దొరికే ఐఈఎస్ ఫైళ్ల (లైటు వెలుగు ఎటు ఎంత పడుతుందో చెప్పే ఫైళ్లు) ప్యాక్ ఒకటి దించుకుని, అందులో బాగున్న ఆకారం చూసి పెట్టేయడం అలవాటైపోయింది. ఆర్నెల్లకు ఇల్లు పూర్తయ్యాక ఫోన్ వస్తుంది: "ఏందయ్యా, నువ్వు చూపించిన వెలుగు మా గోడ మీద యాడా లేదే?"

ఉండదు మరి. ఆ ఫైల్ డిజైన్ కోసం గీసిన బొమ్మ కాదు, ఫలానా కంపెనీ ఫలానా ఫిట్టింగ్‌ను ల్యాబ్‌లో గోనియోఫొటోమీటర్ మీద తిప్పి, ఏ కోణంలో ఎన్ని క్యాండెలాల (ఒక దిశలో వెలుగు తీవ్రతకు కొలత) వెలుగు వస్తుందో కొలిచిన లెక్క. అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజినీరింగ్ సొసైటీ 1986లో ఎల్‌ఎం-63 పేరుతో ఈ పద్ధతి పెట్టింది, యూరప్ వాళ్లు ఎల్‌డీటీ ఫైళ్లు ఎక్కువ వాడతారు, లైటింగ్ లెక్కల సాఫ్ట్‌వేర్ డయాలక్స్‌లో రెండూ తెరుచుకుంటాయి. నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేసి చూడండి, ఉత్త అంకెలే. పైన కంపెనీ పేరు, మోడల్ నంబరు, తర్వాత ల్యూమెన్లు, అంటే మొత్తం వెలుగు (ఎల్‌ఈడీ అయితే చాలాసార్లు అక్కడ -1 ఉంటుంది, అంటే కింద ఉన్న క్యాండెలాలే అసలు విలువలని అర్థం), ఆ తర్వాత వాట్లు, కోణాలు, చివర క్యాండెలాలు. రంగు మాత్రం సాఫ్ట్‌వేర్ ఇందులోంచి తీసుకోదు, వార్మ్ వైటా కూల్ వైటా అన్నది మనమే ఇవ్వాలి.

రెండర్ సాఫ్ట్‌వేర్ల సంగతికొస్తే, బ్లెండర్‌లో 2.80 వెర్షన్ నుంచి ఐఈఎస్ టెక్స్చర్ నోడ్ ఉంది, వీరేలో దీనికి విడిగా లైటే ఉంది, అన్‌రియల్‌లో అయితే ఫైల్‌లోని తీవ్రతను వాడుకోమని టిక్ పెట్టకపోతే ఆకారం మాత్రమే ఫైల్‌ది, వెలుగు ఎంతన్నది మనం కొట్టిన అంకె. చాలామంది పని ఇక్కడే చెడుతుంది. ఆకారం ఏదో మ్యూజియం స్పాట్‌లైట్‌ది, వెలుగు మన ఊహది, ఇంటికి చివరికి బిగించేది ఎలక్ట్రీషియన్ తెచ్చిన ఏడు వాట్ల ప్యానెల్ లైటు.

ఆ వంపు సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా కోణమూ దూరమూ ఆడే ఆట. లైటు నుంచి వచ్చేది శంకువు, దాన్ని గోడ నిలువునా కోస్తుంది కాబట్టి ఇంటర్‌లో బట్టీ పట్టిన అతిపరావలయం గోడ మీద కనిపిస్తుంది. వెలుగు 24 డిగ్రీల కోణంలో విచ్చుకునే సీఓబీని (ఒక రకం ఎల్‌ఈడీ స్పాట్‌లైటు) గోడకు అడుగు దూరంలో పెడితే వెలుగు అంచు సీలింగ్ నుంచి దాదాపు 4.7 అడుగుల కింద గోడను తాకుతుంది. అదే లైటును రెండడుగులకు జరిపితే 9.4 అడుగుల కింద, అంటే పదడుగుల హాల్లో సోఫా వెనకాల, నేల దగ్గర. పైన ఫాల్స్ సీలింగ్ చానెల్ అడ్డొచ్చిందని మేస్త్రీ ఒక్క అడుగు జరిపాడా, ఓనరు ముచ్చటపడిన వంపు ఇక లేనట్టే. 36 డిగ్రీలది తీసుకుంటే అడుగు దూరంలోనే మూడడుగుల కింద మొదలవుతుంది, మామూలు ఇళ్లకు నాకు ఇదే నచ్చుతుంది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేసే ఇళ్లలో ఇంకో తలనొప్పి. పాలిష్ పెట్టిన నల్లరాయి వెలుగును గోడలా పరచదు, అద్దంలా పైనున్న లైటునే చూపిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఐఈఎస్ లైటును ఒక చుక్కలా లెక్కేస్తాయి కాబట్టి నేలలో దాని ప్రతిబింబం సరిగా కనపడదు. అందుకే ఫిట్టింగ్ మోడల్‌లో చిన్న వెలిగే బిళ్ల విడిగా పెట్టాలి, గది వెలుగు మారనంత తక్కువగా. రాతిలోని రాగి రంగు చుక్కలు మెరవాలంటే వాటికి వేరే మెటీరియల్ ఇవ్వాలి. ఫొటో తీసి టెక్స్చర్‌గా అతికిస్తే చచ్చిన రాయిలా ఉంటుంది.

ఇక లోకల్ ఫిట్టింగ్‌కు ఫైల్ ఉండదు. అప్పుడు లైటును రెండున్నర మీటర్ల ఎత్తున కట్టి, చీకట్లో నేల మీద లక్స్ (అక్కడ పడే వెలుగు) కొలవడమే. ఫోన్ యాప్ అంకె ఖచ్చితం కాదు, కానీ నిష్పత్తి పనికొస్తుంది. సరిగ్గా కింద 400 వచ్చి, 53 సెంటీమీటర్లు పక్కకు జరిగితే 200 అయిందంటే, వెలుగు సగమయ్యే చోటే అంచు కాబట్టి, అది సుమారు 24 డిగ్రీల లైటు. లక్స్‌ను లైటు ఎత్తు వర్గంతో గుణిస్తే మధ్యలో 2500 క్యాండెలాలు. పక్క పాయింట్లకు ఆ వచ్చినదాన్ని కోణం కొసైన్ ఘనంతో భాగించాలి. ఐదు డిగ్రీలకొకటి చొప్పున ఇలా కొలిస్తే ఆ టెక్స్ట్ ఫైల్ మనమే రాసుకోవచ్చు. మీటరు మంచిదైతే ఇంకా మేలు.

ఇప్పుడు నా రెండర్ షీట్ కింద ఫిట్టింగ్ మోడల్, వాట్లు, బీమ్ కోణం, గోడ నుంచి దూరం రాసి ఓనరుతో సంతకం పెట్టించుకుంటున్నాను. రేటు ఎక్కువని వేరే లైటు తెస్తే తెచ్చుకోమనండి, దాని ఫైల్‌తో మళ్లీ రెండర్ చేసిస్తాను, ఆ చార్జి మాత్రం వేరే.