ఐస్ స్లష్ తాగి పరిగెత్తితే నిజంగా లాభమేనా

ఎండల్లో రేసులు మొదలయ్యాయంటే రన్నర్లందరూ నెత్తిన నీళ్ళు పోసుకోవడం, మెడకి తడి టవల్, కూలింగ్ వెస్ట్ అంటూ తెగ మాట్లాడుకుంటారు, కడుపులోకి చల్లదనం పంపడం గురించి అడిగితే మాత్రం చల్లటి నీళ్ళు తాగితే సరిపోతుందిలే అని తేల్చేస్తారు. నాకు అక్కడే పేచీ. చల్లటి నీళ్ళు వేరు, సగం కరిగిన ఐస్ వేరు.

ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.2 జౌల్స్ చాలు, అదే ఒక గ్రాము ఐస్ కరగాలంటే, ఇంకా సున్నా డిగ్రీల దగ్గరే ఉండగా, 334 జౌల్స్ లాగేసుకుంటుంది. 4 డిగ్రీల ఫ్రిజ్ నీళ్ళు అర లీటరు తాగారనుకోండి, అవి 37కి చేరేలోపు ఒంట్లోంచి తీసుకునేది దాదాపు 70 కిలోజౌల్స్. సగం ఐస్ సగం నీళ్ళు ఉన్న స్లష్ అంతే బరువు తాగితే 160 దాకా పోతుంది. 70 కిలోల మనిషి ఒళ్ళు ఒక డిగ్రీ తగ్గడానికి సుమారు 245 కిలోజౌల్స్ పోవాలి కాబట్టి నీళ్ళతో పావు డిగ్రీ పైచిలుకు, స్లష్‌తో 0.65 డిగ్రీలు తగ్గాలన్నమాట. ఇది ఉత్త కాగితం మీద లెక్కేం కాదు. 2010లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా స్టడీలో పదిమంది మగవాళ్ళకి కిలో బరువుకి 7.5 గ్రాముల చొప్పున తాగించి, 34 డిగ్రీల వేడిలో ఇక నావల్ల కాదు అనేదాకా పరిగెత్తించారు. పరుగుకి ముందు టెంపరేచర్ నీళ్ళతో 0.25 తగ్గితే స్లష్‌తో 0.66 తగ్గింది, పరిగెత్తిన టైం నీళ్ళతో సగటున 40.7 నిమిషాలు, స్లష్‌తో 50.2.

ఇదెందుకంటే, లోపలి టెంపరేచర్ 40 దగ్గరికి వచ్చేసరికి చాలామందికి కాళ్ళు మొండికేస్తాయి, బాగా ట్రైనింగ్ ఉన్న సైక్లిస్టుల మీద 1999లో చేసిన ప్రయోగంలో కూడా చల్లగా మొదలుపెట్టినా వేడిగా మొదలుపెట్టినా అందరూ ఆగిపోయింది దాదాపు ఆ 40 దగ్గరే. కాబట్టి కింద నుంచి మొదలుపెడితే పైకి చేరడానికి టైం పడుతుంది, అంతే, ఇందులో మాయేం లేదు.

మరీ ఎక్కువ ఆశలు కూడా పెట్టుకోకండి. ఓ మోస్తరు స్పీడులో పరిగెత్తే మనిషి ఒళ్ళు నిమిషానికి 40 కిలోజౌల్స్ వేడి పుట్టిస్తుంది, ఆ లెక్కన అర కిలో స్లష్ అంటే నాలుగు నిమిషాల వేడి! మిగతా బరువంతా మోసేది చెమటే, అసలు మెలిక కూడా అక్కడే ఉంది. కడుపులో చలిని పసిగట్టే నరాలు ఉంటాయి, ఐస్ అక్కడికి చేరగానే లోపలి టెంపరేచర్ ఇంకా పెద్దగా మారకముందే చెమట తగ్గించెయ్యమని కబురు వెళ్ళిపోతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే 2400 కిలోజౌల్స్ పైనే పోతుంది, అంటే ఆవిరవ్వాల్సిన చెమట ఓ 65 మిల్లీలీటర్లు తగ్గినా చాలు, అర కిలో స్లష్‌తో వచ్చిన లాభం అక్కడికక్కడే చెల్లు. అందుకే పొడి గాలి, ఎదురుగాలి తగిలే సైక్లింగ్ లాంటి చోట, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంటే, మధ్యమధ్యలో ఐస్ తాగడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదని నా అభిప్రాయం, అక్కడ మామూలు నీళ్ళు తాగడమే నయం. ఉక్కపోతలో కథ వేరు. 2019 దోహా వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో మహిళల మారథాన్ అర్ధరాత్రి పెట్టినా 32 డిగ్రీలు, 70 శాతం పైన తేమ, 68 మంది బయల్దేరితే 40 మందే ఫినిష్ చేశారు. అలాంటి గాలిలో చెమట కారి కింద పడిపోవడమే తప్ప ఆరదు, కింద పడిన చెమట వల్ల చల్లదనం సున్నా, కాబట్టి అది కాస్త తగ్గినా పోయేదేం లేదు, ఐస్ ఇచ్చింది ఇచ్చినట్టు మిగులుతుంది.

చేసుకోవడం తేలికే గానీ వట్టి నీళ్ళతో చేస్తే కుదరదు, రాళ్ళలాంటి ముక్కలు మిగిలి గొంతు దిగవు. స్పోర్ట్స్ డ్రింక్ సగం ఐస్ ట్రేలో గడ్డకట్టించి మిగతా సగం ఫ్రిజ్‌లో ఉంచి, రెండూ కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, చక్కెర, ఉప్పు ఉండటం వల్ల గడ్డ మెత్తగా పొడి అవుతుంది, స్పూన్ తిరగేస్తే మెల్లగా జారేంత చిక్కగా వస్తే చాలు. దాన్ని ముందే ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరిచిన థర్మాస్‌లో పోసుకుని స్టార్ట్‌కి అరగంట ముందు నుంచి ఐదేసి నిమిషాలకి కొంచెం కొంచెంగా తాగాలి. గబగబా లాగిస్తే నుదురు పగిలిపోయేలా నొప్పి వస్తుంది, కొందరికి కడుపు కూడా పట్టేస్తుంది, అందుకే రేసు రోజే మొదటిసారి ట్రై చెయ్యకండి బాబూ. వంద, రెండొందల మీటర్ల వాళ్ళకి ఇవన్నీ అక్కర్లేదు, వాళ్ళకి కండరం వేడిగా ఉండటమే కావాలి.

మెంథాల్‌తో పుక్కిలించడం అని ఇంకోటి ఉంది. అది చలిని గుర్తుపట్టే నరాలని మాత్రమే తట్టి లేపుతుంది, ఒంట్లో వేడి ఒక్క పాయింట్ కూడా తగ్గదు, హాయిగా ఉంది కదా అని స్పీడు పెంచేస్తాం, నన్నడిగితే వేడికి అలవాటు పడనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఆ అలవాటు పడటానికి ఎండలో పది నుంచి పద్నాలుగు రోజుల ప్రాక్టీస్ కావాలి, ఏ స్లష్షూ దానికి సాటి రాదు.

ఇంకొకటి, ఎవరైనా వడదెబ్బతో తడబడుతూ, మాట తేడాగా ఉండి కూలబడితే నోట్లో ఐస్ పెట్టకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆగకుండా వెంటనే ఐస్ నీళ్ళ టబ్బులో మెడ దాకా ముంచి వాళ్ళ తల నీళ్ళలో మునగకుండా పట్టుకుని ఉండాలి, టబ్ లేకపోతే ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండాలి.