రంగు ఆరేలోపు ఒక ఆలాపన

నా బొమ్మలు చూసినవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే: "ఇది ఏ రాగమండీ?" వయొలిన్ వింటూ కొండలు వేస్తానని ఎవరో చెప్పి ఉంటారు. నీలం కనిపిస్తే చాలు, నీలాంబరి అని వాళ్ళే తేల్చేస్తారు. నిజం చెప్పాలంటే నాకు పాటలో రంగులేం కనబడవు. సంగీతం నాకు చేసే సాయం చాలా ముతకది. నా చెయ్యి పట్టి ఆపుతుంది, అంతే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ మా ఊరి పక్కనుంచి పారి, ఆంధ్రాలోకి దిగాక వంశధారలో కలుస్తుంది. వానలు తగ్గి వరి పొట్టకొచ్చే రోజుల్లో ఆ ఏటి ఒడ్డుకు చేరతాం, నేనూ నా స్నేహితుడూ. వాడు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాడు. 1919లో పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్, ఆ తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. నాయుడుగారి పేరెత్తితే మావాడు ఇప్పటికీ చెప్పులు విప్పేస్తాడు.

వాటర్ కలర్ వేసేవాళ్ళకి ఈ టెన్షన్ తెలుసు. మొదటి పూత తడిగా ఉండగా రెండోది పడితే నీళ్ళు ఎదురుతన్ని క్యాలీఫ్లవర్ లాంటి మరక తేలుతుంది. పూర్తిగా ఆరాక వేస్తే అంచు గట్టిపడి, దూరాన ఉండాల్సిన కొండ ముందుకొచ్చేస్తుంది. కాగితం మీద మెరుపు పోవాలి, వేలి వెనకవైపు ఆనిస్తే ఇంకా చల్లగా తగలాలి. ఆ కాసేపూ నా చెయ్యి ఊరుకోదు. సరిగ్గా అప్పుడు వాడు ఆలాపన ఎత్తుకుంటాడు, తాళం లేకుండా రాగాన్ని మెల్లగా విప్పడమన్నమాట. అది అయ్యేదాకా కుంచె ముట్టకూడదని మా ఒప్పందం. హుషారెక్కితే దాని తర్వాత లయతో సాగే తానం కూడా మొదలెడతాడు, కాగితం కాస్తా ఎండి ఊరుకుంటుంది. ఆ రోజు ఇంటిదాకా తిట్టుకుంటూనే వస్తాం.

తేమ ఇద్దరికీ శత్రువే. ముసురు పట్టిందంటే నా మందపాటి కాటన్ కాగితం ఎంతకీ ఆరదు, వాడి వయొలిన్ తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుపోతాయి. అలాంటి రోజు పని జరగదు. మిరపకాయ బజ్జీలు తిని వచ్చేస్తాం.

వాడికి బొమ్మల గురించి ఏమీ తెలియదు. అందుకే వాడి మాట వింటాను. ఓసారి మంచు కోసం కాగితం చాలా తెల్లగా వదిలితే, "ఏటిరా ఇది, కొండకి సున్నం కొట్టేసినావేటి?" అన్నాడు. ట్యూబులోంచి వచ్చే ఆకుపచ్చ వాడడం మానేసింది కూడా వాడి గోల పడలేకే. ఇప్పుడు లెమన్ యెల్లోలో ప్రష్యన్ బ్లూ చుక్క వేసి, చిటికెడు బర్ంట్ సియెన్నా కలిపితే గానీ మా వరి రంగు రాదు. పోడు కొట్టిన చోట కొండ మీద గోధుమరంగు మచ్చలుంటాయి. కొనేవాళ్ళు వాటిని కూడా పచ్చగా మార్చమంటారు. మార్చను.

నౌపడ నుంచి మా ఊరికి వచ్చే చిన్న రైలు 1900లో మొదలైంది. 2004లో దాన్ని ఆపేసి, 2011 నాటికి బ్రాడ్‌గేజ్ చేశారు. ఆ చిన్న రైలు ఎంత తీరిగ్గా నడిచేదంటే, కిటికీ పక్కన కూర్చుని తాటిచెట్ల స్కెచ్ పూర్తి చేసుకోవచ్చు. కొత్తది వేగంగానే పోతుంది, పనులున్నవాళ్ళకి మంచిదే.

బొమ్మకీ పాటకీ ఉన్న అసలు చుట్టరికం చూడాలంటే మాత్రం సవర గిరిజనుల ఊళ్ళకి వెళ్ళాలి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇడితాల్ అనే బొమ్మ వేస్తారు. ముందు చుట్టూ అంచు గీసుకుని, లోపలికి నింపుకుంటూ వస్తారు. అది ఇంటికి అందం కోసం వేసేది కాదు, దేవతలకీ పోయిన పెద్దలకీ వేసేది. పూజారి పాడుతూ దాన్ని వాళ్ళకి అప్పగిస్తాడు. ఇది విన్నప్పుడు మావాడు మొదటిసారి నా పనిని కాస్త గౌరవంగా చూశాడు.

ఈ చలికాలం గుణుపురం మీదుగా సవరలుండే పుట్టాసింగి వెళ్దామంటున్నాను. రోడ్డు కుదుపులకి వయొలిన్ తీగల్ని మోసే బ్రిడ్జి పడిపోతుందని వాడి గొణుగుడు. ఒళ్ళో పెట్టుకుని కూర్చోరా అన్నాను. మరి నా కాగితాల ఫైలు ఎవరు పట్టుకుంటారని అడుగుతున్నాడు.