ఆన్‌ఫీల్డ్ టూరు, బావతో డిఫెండర్ల గొడవ

లైమ్ స్ట్రీట్‌లో రైలు దిగేసరికి సన్నగా చినుకులు. క్వీన్ స్క్వేర్ దాకా నడిచి, లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం ఆన్‌ఫీల్డ్ చూడ్డానికి 17 నంబర్ బస్సెక్కాం నేనూ మా బావా. ఆయన మాంచెస్టర్ యునైటెడ్ వీరాభిమాని, రాను రాను అంటూనే వచ్చాడు, వచ్చి దారంతా "మీ లివర్‌పూల్ వాళ్ళకి డిఫెండర్ని కొనడం ఎప్పుడొచ్చిందిరా" అని ఒకటే పోరు.

కాదనలేను కూడా. డిఫెండర్ లొవ్రెన్‌కి 20 మిలియన్ పౌండ్లు పోసిన రోజులు చూసినవాణ్ణి.

టూర్లో మెయిన్ స్టాండ్ పైకి తీసుకెళ్తారు, అక్కణ్ణుంచి కాప్ అనే స్టాండ్ వైపు గోల్ చూస్తే నాకు 2018 జనవరి 5 గుర్తొచ్చింది. డిఫెండర్ వాన్ డైక్ మా తరఫున ఆడిన మొదటి మ్యాచ్, ఎదురుగా అదే ఊరి క్లబ్ ఎవర్టన్, 84వ నిమిషంలో హెడర్, అదిగో ఆ గోల్లోనే. అంతకుముందు సమ్మర్లో ఆయన అప్పటి క్లబ్ సౌతాంప్టన్, తమ ప్లేయర్ని అడక్కుండా లాగుతున్నారని గొడవ చేస్తే మా క్లబ్ బహిరంగంగా సారీ చెప్పి వెనక్కి తగ్గింది, ఎవర్నో ఒకర్ని కొనండిరా బాబూ అని మేమంతా మొత్తుకున్నాం, వాళ్ళు మాత్రం వేరే సెంటర్ బ్యాక్‌ని కొనకుండా కూర్చుని జనవరిలో 75 మిలియన్లు పెట్టి ఆయన్నే తెచ్చారు. అదే సమ్మర్లో, కింది డివిజన్‌కి పడిపోయిన హల్ సిటీ నుంచి 8 మిలియన్లకి రాబర్ట్‌సన్‌ని తెస్తే నేనూ నవ్వాను, ఒప్పుకుంటున్నా.

డ్రెస్సింగ్ రూమ్‌లో హుక్కులకి జెర్సీలు తగిలించి ఉన్నాయి, వాన్ డైక్ నాలుగో నంబర్ పక్కన ఫొటో దిగా. టనెల్లో 'దిస్ ఈజ్ ఆన్‌ఫీల్డ్' బోర్డు నేననుకున్నదానికంటే చిన్నది. ఏదైనా కప్పు గెలిచేదాకా దాన్ని ముట్టుకోవద్దని అప్పటి కోచ్ క్లాప్ ప్లేయర్లకి చెప్పాడంట, మనకేం, నేను ముట్టుకున్నా.

బయటికొచ్చి స్టాన్లీ పార్క్ మీదుగా ఎవర్టన్ స్టేడియం గుడిసన్ పార్క్‌కి నడిచాం, అట్టే దూరం లేదు. ఎవర్టన్ మగవాళ్ళ టీమ్ 2025లో నది ఒడ్డున కొత్త స్టేడియానికి మారిపోయింది గానీ నాకు ఆ గోడలు చూస్తేనే మంట, 2020 అక్టోబర్‌లో వాన్ డైక్ మోకాలు పోయింది ఇక్కడే కదా. తర్వాత మిగతా డిఫెండర్లు గోమెజ్, మాటిప్ కూడా గాయాలతో పడ్డారు. జనవరి కొనుగోళ్ళ గడువు చివరి రోజు, 2021 ఫిబ్రవరి 1న, హడావుడిగా కబాక్‌ని లోన్‌మీద, ప్రెస్టన్ నుంచి బెన్ డేవిస్‌ని తెచ్చారు, డేవిస్ ఒక్క అఫీషియల్ మ్యాచ్ కూడా ఆడలేదు! ఆన్‌ఫీల్డ్‌లో వరసగా 6 లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయాం. చివరికి గట్టెక్కించింది ఎవరయ్యా అంటే మా క్లబ్‌లోనే ఉన్న డిఫెండర్లు నాట్ ఫిలిప్స్, రీస్ విలియమ్స్. ఓపిక పట్టిన ఏడాది ఒకలా, కంగారుపడ్డ ఏడాది ఒకలా, అదీ నా బాధ.

"మరి గెహి?" అన్నాడు బావ వదలకుండా. 2025 సెప్టెంబర్ 1, ఆ డిఫెండర్ కోసం బేరం కుదిరాక ఆఖరి గంటల్లో ఆయన క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్ వెనక్కి తగ్గింది. అది మా తప్పు కాదు గానీ ఆఖరి రోజుదాకా ఎందుకు లాగారో నాకూ అర్థం కాలేదు.

తిరుగు బస్సులో కూడా అదే పాట. "2019లో డిఫెండర్ మగ్వైర్‌కి 80 మిలియన్లు పోసిందెవరు బావా" అన్నా. కిటికీ వైపు తిరిగి వాన చూడ్డం మొదలెట్టాడు.